ఊపిరీ తీగా: ఇద్దరితో నిండే జాజ్

1958 మార్చి 7. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో హాకెన్‌సాక్ అనే ఊరు. కళ్ల పరీక్షలు చేసి అద్దాలు రాసిచ్చే రూడీ వాన్ గెల్డర్ తన తల్లిదండ్రుల ఇంటి హాలునే రికార్డింగ్ స్టూడియోగా మార్చుకున్నాడు. ఆ రోజు అక్కడ ఐదుగురు వాద్యకారులు చేరారు. టెనర్ సాక్సోఫోన్ జాన్ కోల్ట్రేన్‌ది, గిటార్ కెనీ బరెల్‌ది. పియానో మీద టామీ ఫ్లానగన్, బేస్ మీద పాల్ ఛాంబర్స్, డ్రమ్స్ మీద జిమీ కాబ్. ఒక పాట దగ్గర మాత్రం చివరి ముగ్గురూ వాద్యాలు ముట్టుకోలేదు. జెరోమ్ కెర్న్ స్వరపరచిన ‘వై వాజ్ ఐ బోర్న్’ అనే 1929 నాటి పాటను కోల్ట్రేన్, బరెల్ ఇద్దరే వాయించారు. నిడివి మూడు నిమిషాల పైచిలుకు.

ఆ ట్రాక్ వింటున్నంతసేపూ ఏదో తక్కువైందని ఎక్కడా అనిపించదు. డ్రమ్స్ లేకపోయినా నడక తెలుస్తుంది. బేస్ లేకపోయినా పాట కింద నేల ఉన్నట్టే ఉంటుంది. ఇది ఎలా సాధ్యం? జవాబులో సగం ఆ ఇద్దరి ప్రతిభ. మిగతా సగం ధ్వని పుట్టే తీరులోనూ, దాన్ని అందుకునే మన చెవిలోనూ ఉంది. ఆ రెండో సగమే ఈ వ్యాసం. మొత్తం సంగతిని ముందే క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఊపిరితో పలికే వాద్యం చేయలేని పనులు కొన్ని ఉన్నాయి, తీగతో పలికే వాద్యం చేయలేనివి మరికొన్ని ఉన్నాయి. ఈ జంటలో ఒకదాని లోటే రెండోదానికి చోటు అవుతుంది.

గొంతు దాకా సాగే వాద్యం

బెల్జియంలో పుట్టిన అడాల్ఫ్ సాక్స్ తన వాద్యానికి 1846లో ప్యారిస్‌లో పేటెంట్ తీసుకున్నాడు. ఒళ్లంతా ఇత్తడే అయినా దీని ప్రాణం మౌత్‌పీస్‌కు బిగించిన రీడ్‌లో ఉంది. వెదురులాంటి ఒక మొక్క కాడ నుంచి చెక్కిన పల్చటి బద్ద అది. వాద్యకారుడు ఊదగానే రీడ్ కదిలి, గాలి దారిని కొంచెం తెరుస్తూ కొంచెం మూస్తూ ఉంటుంది. గొట్టంలోకి వెళ్లిన పీడన తరంగం అవతలి కొస నుంచి వెనక్కి తిరిగివచ్చి, రీడ్ ఎప్పుడు తెరుచుకోవాలో ఎప్పుడు మూసుకోవాలో నిర్ణయిస్తుంది. 220 హెర్ట్జ్‌ల స్వరం పలుకుతోందంటే ఆ బద్ద సెకనుకు 220 సార్లు ఆ పని చేస్తోందన్నమాట. ఊపిరి అందుతున్నంతసేపూ స్వరం నిలుస్తుంది. పెంచాలంటే పెరుగుతుంది, వంచాలంటే వంగుతుంది.

క్లారినెట్ గొట్టం పొడవునా దాదాపు ఒకే లావు. సాక్సోఫోన్ గొట్టం శంకువులా మౌత్‌పీస్ నుంచి కిందికి వెడల్పవుతూ పోతుంది. అందుకే మూలస్వరానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యాలున్న అనుస్వరాలన్నీ అందులో బలంగా పలుకుతాయి. టెనర్ నాదానికి ఆ నిండుదనం అక్కడి నుంచే వచ్చింది. కింది పెదవితో రీడ్‌ను మెత్తగా అదిమితే పై అనుస్వరాలు అణిగిపోతాయి. అప్పుడు స్వరంతో పాటు ఊపిరి చప్పుడు కూడా వినిపిస్తుంది. టెనర్ వాద్యకారుడు బెన్ వెబ్‌స్టర్ నెమ్మది పాటల్లో ఈ పద్ధతిని ఎంత గొప్పగా వాడాడంటే, వాద్యం వింటున్నామా మనిషి నిట్టూర్పు వింటున్నామా అన్న సందేహం వస్తుంది.

వాద్యం మౌత్‌పీస్ దగ్గర మొదలవుతుందని అనుకుంటాం. నిజానికి వాయించేవారి నోరు, గొంతు కూడా అందులో భాగమే. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు టెనర్ సాక్సోఫోన్ మీదే దీన్ని కొలిచి, ఫలితాలను 2008లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించారు. వాద్యకారులు వాయిస్తుండగానే వారి నోటిలోని అనునాదాలను నమోదు చేశారు. మామూలు స్వరాల దగ్గర నిపుణులకూ అభ్యాసకులకూ పెద్ద తేడా కనిపించలేదు. వాద్యపు మామూలు హద్దు దాటి బాగా పైకి వెళ్లే స్వరాల దగ్గర మాత్రం నిపుణులు తమ గొంతు అనునాదాన్ని ఆ స్వరానికి సరిపడేలా మలచుకుంటున్నారని తేలింది. అలా మలచుకోవడం చేతకానివారికి ఆ స్వరాలు పలకనే లేదు. గాయకుడి గొంతులా టెనర్ మనిషికో తీరుగా ధ్వనించడంలో ఆశ్చర్యం లేదు.

ఇన్ని శక్తులున్న ఈ వాద్యానికి ఒక పెద్ద పరిమితి ఉంది. మామూలుగా వాయిస్తే ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది.

మీటగానే తరగడం మొదలయ్యే ధ్వని

గిటార్ కథ దీనికి పూర్తిగా తలకిందులు. ఆరు తీగలు కాబట్టి ఒకేసారి ఆరు స్వరాల దాకా పలకొచ్చు. కానీ మీటిన క్షణంలో వేలు ఇచ్చిన శక్తే దాని మొత్తం ఆస్తి. ఆ తర్వాత ఒక్క చుక్క కూడా కొత్తగా చేరదు. పుట్టిన మరుక్షణం నుంచే ధ్వని తరిగిపోతుంది, ముందుగా పై అనుస్వరాలు సన్నగిల్లుతాయి, చివరికి మూలస్వరమూ ఆగిపోతుంది.

ఈ బలహీనతే మరోవైపు బలం. తీగ ధ్వనికి మొదలు చాలా పదునుగా ఉంటుంది, అందువల్ల అది కాలాన్ని స్పష్టంగా గుర్తుపెడుతుంది. సాక్సోఫోన్ స్వరం పూర్తిగా నిలదొక్కుకోవడానికి సెకనులో కొన్ని వందో వంతులు పడుతుంది. గిటార్ ఎప్పుడు పలికిందో చెవికి ఇట్టే తెలుస్తుంది. సాక్సోఫోన్ ఎంతసేపు పలికిందో తెలుస్తుంది. ఒకటి క్షణాన్ని చూపిస్తే మరొకటి వ్యవధిని చూపిస్తుంది.

అయితే చాలాకాలం ఈ రెండూ సరిసమానంగా కలిసి వాయించే వీలే లేదు. సాక్సోఫోన్ ముందు మామూలు గిటార్ గొంతు వినిపించేది కాదు. పెద్ద బ్యాండ్లలో గిటార్ వాద్యకారులు వెనక కూర్చుని తాళానికి తగ్గట్టు కార్డులు, అంటే ఒకేసారి పలికే స్వరాల గుంపులు, మీటుతూ ఉండేవారు. 1936లో గిబ్సన్ కంపెనీ ‘ఈఎస్-150’ అనే ఎలక్ట్రిక్ గిటార్‌ను తెచ్చింది. తీగల కింద అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. ఉక్కు తీగ కంపించినప్పుడు అయస్కాంత క్షేత్రం మారుతుంది, చుట్టలో అదే లయలో విద్యుత్తు పుడుతుంది, ఆంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. శాస్త్రవేత్త ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇలా సంగీతానికి పనికొచ్చింది.

1939లో బెనీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ ఆ గిటార్‌తో టెనర్ వాద్యకారులు వాయించినట్టు పొడుగాటి స్వరపంక్తులు వాయించాడు. అంతకు కొద్దికాలం ముందు ఉత్తర డకోటాలోని బిస్మార్క్ అనే ఊళ్లో మేరీ ఓస్బోర్న్ అనే గిటారిస్టు ఆయన్ను మొదటిసారి విన్నది. ఆంప్లిఫయర్ వల్ల వింతగా మారిపోయిన టెనర్ సాక్సోఫోన్ కాబోలు అనుకున్నదట. క్రిస్టియన్ 1942లో 25 ఏళ్లకే చనిపోయాడు. అప్పటికే గిటార్‌కు టెనర్ పక్కన నిలబడే గొంతు వచ్చేసింది.

ఒకే వీధిలో ఇద్దరు

ఇప్పుడు అసలు చిక్కు. టెనర్ సాక్సోఫోన్ మామూలు పరిధి దాదాపు 104 హెర్ట్జ్ నుంచి 660 హెర్ట్జ్ దాకా. గిటార్ కింది తీగ 82 హెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది, పై తీగ మీద చివరి ఫ్రెట్ల దగ్గర 1000 దాటుతుంది. అంటే టెనర్ పలికే స్వరాలన్నీ గిటార్ పరిధిలోపలే ఉన్నాయి. ఇద్దరూ ఒకే వీధిలో నడుస్తున్నారు. ఒకరినొకరు రాసుకోకుండా నడవాలి.

మన లోపలి చెవిలో ఒక సన్నటి పొర ఉంది. ఒక్కో పౌనఃపున్యానికి దాని మీద ఒక్కో చోటు కదులుతుంది. రెండు స్వరాలు మరీ దగ్గరగా ఉంటే అవి కదిలించే చోట్లు ఒకదాని మీద ఒకటి పడతాయి, వినడానికి గరగరలాడతాయి. మంద్రస్థాయిలో ఈ ఇబ్బంది ఎక్కువ. 110 హెర్ట్జ్‌ల షడ్జమాన్ని, దాని అంతర గాంధారాన్ని కలిపి మీటండి. రెండింటి మధ్య తేడా 29 హెర్ట్జ్‌లే కాబట్టి బురద బురదగా వినిపిస్తుంది. అదే జంటను రెండు స్థాయులు పైన, 440 హెర్ట్జ్ దగ్గర మీటితే తేడా 114 హెర్ట్జ్‌లు. స్వచ్ఛంగా, తియ్యగా ఉంటుంది. అంతరం ఒకటే అయినా చోటు మారేసరికి ఫలితం మారిపోయింది.

అందుకే టెనర్‌కు తోడు వాయించే గిటారిస్టు ఆరు తీగలనూ ఒకేసారి గీయడు. కింద ఒంటరి స్వరం, మధ్యలో కొంత ఖాళీ, పైన రెండో మూడో స్వరాలు. సాక్సోఫోన్ కిందికి దిగితే గిటార్ పైకి తప్పుకుంటుంది. అది పైకి ఎగిస్తే ఇది మధ్యలో నిలుస్తుంది. గుండ్రటి నాదం కోసం జాజ్ గిటారిస్టులు చాలామంది లావు తీగలు వాడతారు, టోన్ నాబ్ తగ్గించి పెడతారు. పై అనుస్వరాలు తగ్గితే టెనర్ ఊపిరికి, దాని మెరుపుకు ఆ ఎత్తులో చోటు మిగులుతుంది.

రెండు వేళ్లతో ఒక లోకం

ఆరు తీగలు వాయించకపోతే పాట ఎక్కడుందో వినేవారికి ఎలా తెలుస్తుంది? ఈ జంట వాద్యంలో అన్నిటికంటే అందమైన లెక్క ఇక్కడే ఉంది, మన సరిగమలతోనే చూడొచ్చు.

కద్రి గోపాల్‌నాథ్ కర్ణాటక సంగీత సాక్సోఫోన్ కచేరీలో తంబురా మొదటి నుంచి చివరి దాకా ఒకే షడ్జమం మీద నిలిచి ఉండేది. జాజ్‌లో ఆ ఆధారం కదులుతుంది. సాధారణంగా రెండు లేదా నాలుగు మాత్రలకోసారి కార్డ్ మారుతుంది, కింద నేల జరుగుతుంది. వేల పాటల్లో వచ్చే ఒక నడకను తీసుకుందాం. శంకరాభరణం స్వరాల్లో చెబితే మొదటి కార్డ్ రి–మ–ద–స, రెండోది ప–ని–రి–మ, మూడోది స–గ–ప–ని. ఒక్కో కార్డ్‌లో నాలుగు స్వరాలు.

ఇందులో ఏవి వదిలేయొచ్చు? కార్డ్ మూలస్వరం, అంటే దాని మొదటి స్వరం, నుంచి పంచమ దూరంలో ఉన్న స్వరం ఈ మూడింటిలోనూ ఒకే దూరంలో ఉంది, కొత్త కబురేమీ చెప్పదు. మూలస్వరాన్ని నడక తెలిసిన చెవి తనే ఊహించుకుంటుంది. కార్డ్ స్వభావాన్ని చెప్పేవి మూలస్వరం నుంచి సరిగమల వరసలో లెక్కిస్తే వచ్చే మూడో స్వరం, ఏడో స్వరం. కాబట్టి గిటారిస్టు వాటినే ఉంచుతాడు. మొదటి కార్డ్‌కు మ–స. రెండోదానికి మ–ని. మూడోదానికి గ–ని.

వేళ్లు ఏం చేశాయో గమనించండి. మ–స నుంచి మ–ని: మధ్యమం కదల్లేదు, షడ్జమం ఒక్క ఫ్రెట్ దిగి నిషాదమైంది. మ–ని నుంచి గ–ని: ఈసారి నిషాదం కదల్లేదు, మధ్యమం ఒక్క ఫ్రెట్ దిగి గాంధారమైంది. ఒకసారి ఒక వేలు, మరోసారి మరో వేలు, రెండుసార్లూ ఒక్క అర స్వరమే. ఇంత చిన్న కదలికతో పాట బయల్దేరి, ఉద్రిక్తతకు చేరి, విశ్రాంతికి వచ్చేసింది. రెండు తీగలే పలుకుతున్నాయి కాబట్టి టెనర్‌కు ఆకాశమంతా ఖాళీ.

ఇంకో విశేషం ఉంది. మధ్యలో వచ్చిన మ–ని జంటకు రెండు ఇళ్లున్నాయి. పంచమం మూలంగా ఉన్న కార్డ్‌కు నిషాదం మూడో స్వరం, మధ్యమం ఏడో స్వరం. పంచమానికి ఆరు అర స్వరాల దూరంలో ఉన్న శుద్ధ రిషభాన్ని మూలంగా తీసుకుంటే అవే రెండు స్వరాలు తలకిందులై మధ్యమం మూడోది, నిషాదం ఏడోది అవుతాయి. గిటారిస్టు ఆ రెండు స్వరాలే వాయిస్తే టెనర్ ఏ ఇంటి వైపైనా మనోధర్మంగా వెళ్లొచ్చు, రెండూ పొసగుతాయి. నాలుగు స్వరాలూ నింపేసి ఉంటే ఆ స్వేచ్ఛ ఉండేది కాదు. తక్కువ వాయించడం అంటే ఎదుటివారికి దారులు మిగల్చడం. ఈ జంట వాద్యాన్ని ఇష్టపడడానికి నాకు ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

తాళం ఎవరు వేస్తారు?

డ్రమ్మర్ లేనప్పుడు కాలం మోసే బాధ్యత ఎక్కువగా గిటార్ మీద పడుతుంది. బొటనవేలితో కింది తీగల మీద బేస్ స్వరాలు నడిపిస్తూ, మిగతా వేళ్లతో మధ్యమధ్య కార్డులు అందించడం ఒక పద్ధతి. ఒంటరి గిటార్ వాద్యంలో సాటిలేనివాడనిపించుకున్న జో పాస్ 1982లో టెనర్ వాద్యకారుడు జూట్ సిమ్స్‌తో కలిసి ‘బ్లూస్ ఫర్ టూ’ ఆల్బమ్‌ను ఇద్దరే ఉండి రికార్డు చేశాడు. 1970ల్లో అదే జూట్ సిమ్స్‌తో జతకట్టిన బకీ పిజరెల్లి ఏడు తీగల గిటార్ వాడేవాడు. ఆ అదనపు తీగ 55 హెర్ట్జ్‌ల దగ్గర పలుకుతుంది. బేస్ వాద్యం ఉండే ఇంట్లోకి గిటార్ అలా అడుగుపెట్టింది.

మరి టెనర్ ఆ కాలానికి గీత గీసినట్టు కట్టుబడి ఉంటుందా? ఉండదు, ఉండకూడదు కూడా. జాజ్ నడకలో ఒక మాత్రను రెండు ముక్కలు చేస్తే మొదటిది పొడుగు, రెండోది పొట్టి. మధ్యస్థ వేగంలో ఆ నిష్పత్తి ఇంచుమించు రెండుకు ఒకటి ఉంటుంది, వేగం పెరిగేకొద్దీ సమానానికి దగ్గరవుతుంది. జర్మనీలో గోటింగెన్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2022లో మరో అంశాన్ని బయటపెట్టారు. పియానో వాదనలోని కాలాలను కంప్యూటర్‌లో రకరకాలుగా మార్చి జాజ్ సంగీతకారులకు వినిపించారు. ప్రధాన స్వరాలను వాయించేవారు మాత్ర మొదట్లో వచ్చే స్వరాన్ని దాదాపు 30 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి, మాత్ర మధ్యలో వచ్చే స్వరాన్ని తాళంతో కచ్చితంగా కలిపినప్పుడే నడకలో ఊపు ఎక్కువగా ఉందని వాళ్లు చెప్పారు. 30 మిల్లీసెకన్లంటే సెకనులో ముప్పై మూడో వంతు. ఆలస్యమని చెవికి తోచదు, హాయిగా ఉందని మాత్రం తెలుస్తుంది.

ఆలస్యం తెలియాలంటే దేని కంటే ఆలస్యమో తెలియాలి. గిటార్ తీగకున్న ఆ పదునైన మొదలే టెనర్‌కు కొలబద్ద. అందుకే ఈ జంటలో గిటారిస్టు నిబ్బరంగా ఉన్నకొద్దీ టెనర్ వాద్యకారుడు మరింత తీరిగ్గా వెనక్కి వాలగలుగుతాడు.

వేడిలో విడిపోయే శ్రుతి

శ్రుతి దగ్గర కూడా ఇద్దరి స్వభావాలు వేరు. ధ్వని వేగం 20 డిగ్రీల గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు, 30 డిగ్రీల దగ్గర 349. గొట్టంలో గాలి అంత వేడెక్కితే సాక్సోఫోన్ శ్రుతి అర స్వరంలో దాదాపు మూడో వంతు పెరుగుతుంది. ఊపిరి వెచ్చదనం గొట్టాన్ని ముందే కొంత కాస్తుంది కాబట్టి ఆచరణలో తేడా ఇంతకంటే తక్కువే, కానీ ఉంటుంది. అదే వేడికి గిటార్ ఉక్కు తీగలు సాగి శ్రుతి తగ్గుతుంది. జనంతో కిక్కిరిసిన చిన్న క్లబ్బులో ఒకటి పైకి, మరొకటి కిందికి జరుగుతాయి.

సర్దుకునే పని టెనర్‌ది. సాక్సోఫోన్ మెడ చివర ఒక కార్క్ పట్టీ ఉంటుంది, దాని మీదే మౌత్‌పీస్ ఎక్కుతుంది. కొంచెం బయటికి లాగితే గొట్టం పొడవు పెరిగి శ్రుతి దిగుతుంది. పాట మధ్యలోనైతే ఆ పని పెదవే చేస్తుంది. గిటార్ ఫ్రెట్లు సమాన విభజన లెక్కలో బిగించినవి, ఆ లెక్కలో అంతర గాంధారం సహజ స్థానం కంటే రవ్వంత ఎక్కువ. ఇద్దరే ఉన్నప్పుడు టెనర్ వాద్యకారుడు గిటార్‌తో కలవాలో, సహజ గాంధారానికి దిగాలో స్వరం స్వరానికీ చెవితో నిర్ణయించుకుంటాడు. పియానో, బేస్, డ్రమ్స్ మధ్య ఈ సూక్ష్మాలు మరుగున పడతాయి. ఇద్దరే ఉంటే ప్రతిదీ వినిపిస్తుంది.

మాటలు లేని సంభాషణ

జంట వాద్యాన్ని సంభాషణ అనడం పరిపాటి. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు ఆ మాటను పరీక్షకు పెట్టి 2014లో ఫలితాలు ప్రచురించారు. 11 మంది జాజ్ పియానిస్టులను ఒక్కొక్కరినీ మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి, బయట ఉన్న మరో వాద్యకారుడితో వంతులవారీగా మనోధర్మం వాయింపజేశారు. మాటల్లో వాక్యనిర్మాణాన్ని చూసుకునే మెదడు భాగాలు ఆ సమయంలో చురుగ్గా పనిచేశాయి. మాటల అర్థానికి సంబంధించిన భాగాల చురుకు మాత్రం తగ్గింది. అంటే సంగీత సంభాషణలో వ్యాకరణం ఉంది, నిఘంటువు లేదు. ఎదుటివారి వాక్యం ఎక్కడ ముగుస్తుందో పసిగట్టడం, దాని తీరును అందుకుని మరో వాక్యం కట్టడం మెదడుకు మాటల్లోనైనా స్వరాల్లోనైనా చాలావరకు ఒకే పని.

ఆ పనిని అద్భుతంగా చేసి చూపించిన జోడీ సోనీ రోలిన్స్, జిమ్ హాల్. రోలిన్స్ పేరు మారుమోగుతున్న రోజుల్లో, 1959లో, కచేరీలు ఆపేశాడు. న్యూయార్క్‌లో ఈస్ట్ నది మీది విలియమ్స్‌బర్గ్ వంతెనపై నిలబడి 1961 దాకా గంటల తరబడి సాధన చేశాడు. ఇంట్లో వాయిస్తే ఇరుగుపొరుగుకు ఇబ్బంది అన్నది అందుకు ఒక కారణం. తిరిగొచ్చాక 1962లో వెలువరించిన ‘ద బ్రిడ్జ్’ ఆల్బమ్‌లో పియానో పెట్టుకోలేదు, జిమ్ హాల్ గిటార్ పెట్టుకున్నాడు. బేస్, డ్రమ్స్ ఉన్నా ఆ ఆల్బమ్ గుండెకాయ ఈ ఇద్దరి మధ్య రాకపోకలే. రోలిన్స్ పెద్ద వాక్యం ముగించాక హాల్ వెంటనే అందుకోడు. ఒక ఊపిరి ఆగి రెండు మూడు స్వరాలు వేస్తాడు. ఆ కొద్ది స్వరాలు అంతకుముందు విన్నదానికి జవాబు, తర్వాత రాబోయేదానికి ప్రశ్న కూడా.

ఎలా వినాలి?

ఈ సంగీతానికి కొత్తవారైతే మూడు రికార్డులతో మొదలుపెట్టండి. కోల్ట్రేన్, బరెల్‌ల ‘వై వాజ్ ఐ బోర్న్’ మొదటిది. జూట్ సిమ్స్, జో పాస్‌ల ‘బ్లూస్ ఫర్ టూ’ రెండోది. సిమ్స్ 1985లో కన్నుమూశాక ఆయన స్మృతికి అంకితంగా 1998లో వచ్చిన ‘ద రెడ్ డోర్’ మూడోది. అందులో టెనర్ స్కాట్ హామిల్టన్‌ది, గిటార్ బకీ పిజరెల్లిది. తన పాత జోడీ పాటలను పిజరెల్లి ఇరవై ఎనిమిదేళ్లు చిన్నవాడైన మరో టెనర్‌తో మళ్లీ వాయించాడు.

మొదటిసారి టెనర్ వెంట వెళ్లండి, చెవి ఎలాగూ అటే పోతుంది. రెండోసారి గిటార్‌నే పట్టుకోండి. ఎక్కడ మీటిందో, ఎక్కడ మీటకుండా వదిలేసిందో చూడండి. మూడోసారి సాక్సోఫోన్ స్వరం సాగుతుండగా దాని కింద గిటార్ స్వరం మారే చోట్లను వెతకండి. టెనర్ కదలకుండా ఒకే స్వరం మీద నిలిచి ఉన్నా, కింద కార్డ్ మారగానే అదే స్వరం వేరే రంగులో వినిపిస్తుంది. పౌనఃపున్యం మారలేదు, అర్థం మారింది.

ఇంట్లో గిటారో కీబోర్డో ఉంటే ఇంకా మంచిది. మ–స, మ–ని, గ–ని జంటలను నెమ్మదిగా, నాలుగేసి మాత్రలు ఆగుతూ వాయించండి. పక్కన ఎవరినైనా శంకరాభరణం స్వరాల్లో తోచినట్టు కూనిరాగం తీయమనండి. రెండు స్వరాల ఊతం మీద ఒక గొంతు ఎంత దూరం వెళ్లగలదో, ఏ స్వరం మీద ఆగితే ఎలా ఉంటుందో మీ చెవికే తెలుస్తుంది. సంగీత సిద్ధాంతం అంతకు ముందు చదివి ఉండనక్కర్లేదు. ఎదుటి గొంతు విని, దానికి కావలసినంతే ఇవ్వడం ఒక్కటే నేర్చుకోవాలి. ఈ వాద్యకారులు జీవితమంతా సాధన చేసింది కూడా దాన్నే.